గోదాట్లో వేసిన రెండో చీటీ

ఈ మధ్య గ్యాస్ బావులు తవ్వే రిగ్గుల మీద కొత్తగా చేరిన పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. "సార్, మీ రోజుల్లో బావులు తన్నిన కథలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. రాస్తానని మాటిచ్చాను. తీరా కాగితాలు ముందేసుకుని కూర్చుంటే చెయ్యి బావుల వైపు పోలేదు. పాతికేళ్ళు పైబడిన ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు బావి దగ్గర జరగలేదు. రాజమండ్రిలో, దానవాయిపేటలో, మేం అద్దెకున్న ఇంట్లో దేవుడి గూటి ముందు జరిగింది. మీరంతా ఆలుమగలు కూర్చుని ఆ ఊరు మేలా ఈ ఊరు మేలా అని తర్జనభర్జన పడే వయసులో ఉన్నారు. మీకు బావుల కన్నా ఇదే పనికొస్తుందనిపించింది. పనికిరాకపోతే ముసలాడి చాదస్తం అనుకుని వదిలెయ్యండి.

రాయనా అని మా ఆవిడని అడిగాను. కూర తరుగుతోంది. తలెత్తకుండానే "రాయండి. ఈసారి ఉన్నది రాయండి" అంది.

నేను మడ్ కెమిస్టుని. కోనసీమ రైతులు "బురద ఇంజనీరు గారు" అనేవాళ్ళు. మా మావగారు అయితే ఎమ్మెస్సీ చదివిన అల్లుడు బురద కలుపుతున్నాడని ఏడాది పాటు చుట్టాలకి నా ఉద్యోగం సంగతే చెప్పలేదు. మీకు తెలిసిన పనే అయినా బయటివాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్తాను. బావి తవ్వేటప్పుడు గొట్టంలోంచి ఒక రకం బురద లోపలికి పంపుతాం. అడుగునున్న గ్యాస్ పైకి తన్నకుండా నొక్కిపెట్టేది ఆ బురద బరువే. తక్కువైతే గ్యాస్ ఎగదన్నుతుంది, ఎక్కువైతే అడుగున రాయి పగిలి బురదంతా భూమి మింగేస్తుంది. అందుకని అరగంటకోసారి చిన్న త్రాసులో బురద తూచి, ఆ అంకె పుస్తకంలో రాయాలి. తూచాలి, ఉన్నది రాయాలి. నా ఉద్యోగమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

పధ్నాలుగు రోజులు రిగ్గు మీద, పధ్నాలుగు రోజులు ఇంట్లో. కోటిపల్లి రేవులో జీపుని పంటు మీదెక్కించి గోదావరి దాటేవాళ్ళం. అవతల కొబ్బరి తోటలు, వాటి మధ్య ఇనప గోపురంలాగా మా రిగ్గు. పనిముట్లు వచ్చే చెక్కపెట్టెల మీద నల్లరంగుతో ఇంగ్లీషులో అబర్దీన్ అని ఊరి పేరు అచ్చు వేసి ఉండేది. స్కాట్లండులో సముద్రపు ఒడ్డునుంది ఆ ఊరు. నేను కూర్చుని టీ తాగే పెట్టె మీద కూడా అదే పేరు. పదిహేనేళ్ళు ఆ పేరు మీద కూర్చుని టీ తాగాను.

రిగ్గుకి పెద్దని పుషర్ అంటారు. మా పుషర్ గారు తలపండినాయన, దొరల దగ్గర పని నేర్చుకున్నాయన. ఆ పెట్టెని కాలితో తట్టి, "ఏవయ్యా బురదయ్యా, చచ్చేలోగా ఈ పెట్టెలు పుట్టిన ఊరు ఒక్కసారి చూడాలయ్యా. అక్కడ టీ కొట్టువాడికి కూడా మన పని తెలుస్తుందంట. ఇక్కడ మనం ఏం చేస్తున్నామో మన పెళ్ళాలకే తెలీదు" అనేవాడు. ఆయన నవ్వుతూ అన్న మాట నా బుర్రలో నవ్వుతాలుగా ఉండిపోలేదు.

ఇంకొకాయన గురించి చెప్పాలి. నా ఎదుటి షిఫ్టు కెమిస్టు, కొవ్వూరు మనిషి. మెత్తనివాడు, డబ్బాలో ఉసిరికాయ పచ్చడి తెచ్చి అందరికీ పెట్టేవాడు. ఒకనాడు మధ్యాహ్నం నేను డ్యూటీ తీసుకోబోతే పుస్తకంలో వరసగా ఎనిమిదిసార్లు ఒకే అంకె కనపడింది. త్రాసు గిన్నె చూశాను. ఎండిపోయి, అంచున బురద పొక్కులు కట్టి ఉంది. పొద్దుట్నుంచీ ఎవరూ తూచలేదు. నేను తూస్తే బరువు తక్కువొచ్చింది. అప్పటికే లోపల గ్యాస్ కదులుతోంది. పరుగులు పెట్టి బరువు పెంచాం, ఎవరికీ ఏమీ కాలేదు.

ఆయన నన్ను పక్కకి పిలిచాడు. "ఒక్క పూటండీ. అమ్మాయికి జ్వరమని కబురొచ్చింది. మనసు మనసులో లేదు. అన్నిసార్లూ అదే వస్తోంది కదాని రాసేశాను. కాగితం మీద పెట్టకండి" అన్నాడు.

"తూచని అంకె రాసినవాడికి ఈ పనిలో చోటు లేదండి. అంకె మీ ఇష్టమూ కాదు, నా ఇష్టమూ కాదు" అన్నాను. కాగితం మీద పెట్టాను. ఆయన ఉద్యోగం పోయింది.

ఆ సాయంత్రం పుషర్ గారు నా పక్కన కూర్చున్నాడు. "నువ్వు చేసింది రైటేనయ్యా. కానీ రైటు చేసినవాడి మొహం అంత వెలిగిపోనక్కర్లేదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా పుస్తకంలో అబద్ధపు అంకె ఒక్కటి చూపించమనండి అనుకున్నాను. చూపించలేరు కూడా. ఆ పుస్తకంలో లేదు.

ఇప్పుడు మా ఆవిడ సంగతి. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో కాన్పుల వార్డులో నర్సు. చేతులు చాలా చురుకు, మాట అంతకన్నా చురుకు. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ సంగతీ తేలకపోతే రెండు చీట్లు రాసి, దేవుడి ముందు దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని ఒకటి తీస్తారు. తీసిన చీటీ దేవుడి పటం వెనక ఉంచుతారు. రెండోది విప్పరు. "దేవుడు వద్దన్నదాన్ని మనం విప్పి చూడకూడదు, గోదాట్లో కలిపెయ్యాలి" అనేది మా అత్తగారు. అల్లుడిగా నన్ను కూడా చీటీలోనే తీశారు. రెండో చీటీలో తణుకు బ్యాంకు గుమాస్తా ఉన్నాడని తర్వాత తెలిసింది. నామీద కోపం వచ్చినప్పుడల్లా మా ఆవిడ, "పాపం తణుకాయన గోదాట్లో కొట్టుకుపోయాడు, బతికిపోయాడు" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

మాకు పిల్లలు నిలవలేదు. రెండుసార్లు కడుపు వచ్చి పోయింది. రెండుసార్లూ నేను రిగ్గు మీదే ఉన్నాను. రెండుసార్లూ దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నది వార్డులో సీనియర్ నర్సు ఒకావిడ. చుట్టరికం ఏమీ లేదు గానీ మా ఆవిడకి తోబుట్టువు కన్నా ఎక్కువ. అక్కా అని పిలిచేది. ఆ అక్క విదేశీ నర్సుల్ని తీసుకుంటున్న రోజుల్లో స్కాట్లండు వెళ్ళి గ్లాస్గోలో కుదురుకుంది. వెళ్ళిన రెండేళ్ళకి మా ఆవిడ చేత కూడా పరీక్ష రాయించింది. రెండువేల సంవత్సరం దాటి మూడో ఏడో నాలుగో ఏడో.

పాసైంది. ఏజెంటు ఫోన్ చేసి రెండు చోట్ల ఖాళీ ఉందన్నాడు. గ్లాస్గోలో అక్క పనిచేసే పెద్దాసుపత్రి ఒకటి. అబర్దీన్‌లో ముసలివాళ్ళని చూసుకునే నర్సింగ్ హోము ఒకటి. వారంలో తేల్చుకోమన్నాడు.

అబర్దీన్ అన్న మాట వినగానే నా గుండె ఎలా కొట్టుకుందో చెప్పలేను.

స్కూలు అట్లాసు తెచ్చి నేల మీద పరుచుకుని కూర్చున్నాం. దారంతో రెండు ఊళ్ళ మధ్య దూరం కొలిచాను. "ఎంతా, మనకి వైజాగంత. ఇంకాస్త ఎక్కువేమో. పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం అక్కింట్లో అన్నం తింటావు" అన్నాను.

"మరి అదే దారం అటు నుంచి ఇటు వేసి, మీరు గ్లాస్గోలో ఉండి అబర్దీన్ రైలెక్కచ్చు కదండీ" అంది నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపేసింది. "ఏవండీ, నాకు ముప్ఫయ్యారు వచ్చాయి. ఇంకొక్కసారి చూద్దామనుంది. అక్క పక్కనుంటే ధైర్యం. మీ ఉద్యోగం మిమ్మల్ని ఇంట్లో ఉండనివ్వదు, అందుకు మిమ్మల్ని ఏమీ అనను. కానీ ఈసారి ఒక్కదాన్నే పడుకుని ఉండలేనండీ."

ఇంతకన్నా విడమరిచి ఎవరు చెప్తారు? ఏం పోతుందో, ఏది దక్కుతుందో అన్నీ నా ముందు పెట్టేసింది. నేను "చూద్దాంలే" అన్నాను. నాలుగు రోజులు చూద్దాంలే అంటూనే తిరిగాను. నాకు అబర్దీన్ కావాలని నోరు విప్పి చెప్పలేదు. చెప్పకపోయినా నా మొహంలో చదివే ఉంటుంది. ఐదో రోజు తనే, "చీట్లు వేద్దామండీ, దేవుడే చెప్తాడు. ఏదొచ్చినా మారుమాట్లాడను" అంది.

శుక్రవారం పొద్దున్న. తను స్నానానికి వెళ్తూ, "చీట్లు మీరే రాయండి, మీ అక్షరం కుదురుగా ఉంటుంది" అంది. రిగ్గు పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపాను. వేరే కాగితం ఇంట్లో లేక కాదు, చేతికి అందింది అదే. మొదటి చీటీ మీద అబర్దీన్ అని రాసి మడిచాను. రెండో దాని మీద గ్లాస్గో అని మొదలుపెట్టి మొదటి అక్షరం దగ్గర ఆగాను. స్నానాల గదిలో చెంబు చప్పుడు వినపడుతోంది. ఆ కాగితం నలిపి జేబులో వేసుకున్నాను. ఇంకో ముక్క చింపి, దాని మీద కూడా అబర్దీన్ అనే రాశాను.

ఎందుకలా చేశావంటే ఇన్నేళ్ళూ నన్ను నేను అడుక్కుని తేల్చుకున్నది ఒకటే. అడిగితే అది ఒప్పుకునేది. నాకు తెలుసు. కానీ అడిగి ఒప్పించుకుంటే, ఆ తర్వాత ఏం జరిగినా నాదే భారం. చీటీలో వస్తే దేవుడిది. నాకు ఆ ఊరూ కావాలి, ఆ ఊరు కోరుకున్నవాణ్ణి నేను కాకుండానూ ఉండాలి. బాబూ, మీరు ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోకండి. ఏం కావాలో నోరు తెరిచి అడగండి. అడిగి దక్కించుకున్నదాని బరువు మీరే మొయ్యండి.

తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చి దీపం పెట్టింది. కళ్ళు మూసుకుని చాలాసేపు దణ్ణం పెట్టుకుంది. పెదాలు కదులుతున్నాయి. పళ్ళెంలో ఉన్న రెండు చీట్లలో ఒకదాని మీద వేలు పెట్టి, మళ్ళీ తీసి, ఇంకోటి పట్టుకుంది. విప్పింది. ఒక్క క్షణం మొహం వాడిపోయింది. వెంటనే చీటీ కళ్ళకద్దుకుని "అబర్దీనంటండీ" అంది. "అక్కకి నేను చెప్తాలెండి, మీరు చెప్తే ఏడుస్తుంది."

హైదరాబాదు బండెక్కి వంతెన మీదకి రాగానే, రెండో చీటీని పసుపు గుడ్డలో ఒక రూపాయితో మూటకట్టి ఉంచుకున్నది బయటికి తీసింది. గోదావరి దాటుతూ రూపాయి వెయ్యని మనిషి మా వైపు ఉండడు. కిటికీ ఊచల్లోంచి మూట జారవిడిచి దణ్ణం పెట్టుకుంది. "పోన్లెండి, అక్క ఊరు గోదాట్లో కలిసిపోయింది" అంది. నవ్వబోయింది గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను అటు కొవ్వూరు ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

అబర్దీన్ బూడిదరంగు రాతి ఊరు. చలికాలంలో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు వాలిపోతుంది. వెళ్ళగానే రిగ్గు ఉద్యోగం రాలేదు. ఒక గోడౌన్‌లో పెట్టెలకి మేకులు కొట్టి, వాటి మీద ఊరి పేరు అచ్చు వేసే పని దొరికింది. నల్లరంగు డబ్బా, రేకు అచ్చు, బ్రష్షు. పుషర్ గారు చూసుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. టీ కొట్టువాడికి మన పని తెలుసో లేదో గానీ, నా పని ఎవరికీ అక్కర్లేదని మాత్రం ఏడాదిన్నర పాటు బాగా తెలిసింది.

మా ఆవిడకి నర్సింగ్ హోములో డ్యూటీ. అక్కడికి వచ్చే ముసలివాళ్ళు ఇంటికి తిరిగి వెళ్ళరు. ఒకరోజు వచ్చి చేతులు చూసుకుంటూ కూర్చుంది. "పుట్టేవాళ్ళని పట్టుకున్న చేతులండీ ఇవి. ఇప్పుడు పోయేవాళ్ళని పట్టుకుంటున్నాయి" అంది. అంతే, సణగలేదు. ఆదివారాలు అక్కతో ఫోన్లో మాట్లాడేది. డ్యూటీలు కుదరక ఏడాదికి రెండుసార్లు కలిస్తే గొప్ప. వైజాగంత దూరమని దారంతో కొలిచాను గానీ, ఆ దూరం వెళ్ళడానికి ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకాలని కొలవలేదు.

చివరికి నాకు సముద్రంలో మడ్ కెమిస్టు పని దొరికింది. ఒడ్డు నుంచి హెలికాప్టర్‌లో వెళ్ళాలి, రెండు వారాలు అక్కడే. ఆ సంబరంలోనే ఇంకో సంబరం. మా ఆవిడకి మూడోసారి కడుపు నిలిచింది. మూడు నెలలు దాటాయి, నాలుగు దాటాయి, ఐదు దాటాయి. "ఈసారి గట్టిపిండమండీ, తన్నుతోంది, మీ బావిలాగా" అనేది. "ఎనిమిదో నెల రాగానే నేనే వచ్చి ఉంటాను" అని అక్క మాటిచ్చింది.

ఆరో నెల సగంలో నేను డ్యూటీకి వెళ్ళాను. వెళ్ళిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం, త్రాసు కడిగి పెడుతుంటే మా పైఅధికారి మెట్లు దిగి వచ్చాడు. కొండంత మనిషి, ఎప్పుడూ గట్టిగా అరుస్తూ మాట్లాడేవాడు. ఆ రోజు నా భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా చెప్పాడు. మా ఆవిడని ఆసుపత్రిలో చేర్చారట, మొదటి హెలికాప్టర్‌లో నన్ను పంపిస్తాడట.

హెలికాప్టర్ రాలేదు. పొగమంచు సముద్రమంతా కమ్మేసింది. నిలబడ్డ చోటు నుంచి కమ్మీ అవతల ఏమీ కనపడటం లేదు. ఆ రోజు ఎగరలేదు, మర్నాడూ ఎగరలేదు. గదిలో కూర్చోలేక నేను డ్యూటీలోనే ఉన్నాను. అరగంటకోసారి తూచాను, ఉన్నది రాశాను. ఆ రెండు రోజుల అంకెలు మీరు ఈ రోజు తీసి చూసినా ఒక్కటి తప్పుండదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆసుపత్రికి చేరాను. వరండాలో అక్క కూర్చుని ఉంది. గ్లాస్గో నుంచి రైల్లో నా కన్నా రెండు రోజుల ముందే వచ్చింది. అయినా ఆలస్యమే అయిందట. నొప్పి తెల్లవారుతూనే మొదలైందట. ఒక్కతే ఇంట్లో గోడ పట్టుకుని నిలబడి, నొప్పి తగ్గుతుందేమోనని గంటలకొద్దీ చూసిందట. ఎన్నో వందల కాన్పులు చూసిన మనిషి, తన సంగతి వచ్చేసరికి ఎవరో ఒకరు "పదవే" అంటే గానీ కదల్లేకపోయింది. ఆ మాట అనేవాళ్ళు పక్కన లేరు. చివరికి అక్కకి ఫోన్ చేస్తే, అక్క కేకలేస్తే, టాక్సీ పిలుచుకుని వెళ్ళింది.

"మా ఊళ్ళో ఉంటే బిడ్డ బతికేదని చెప్పలేను. నర్సుని, అబద్ధం చెప్పను. కానీ అది ఒంటరిగా ఉండేది కాదు" అంది అక్క. నా మొహంలోకి చూడలేదు.

లోపలికి వెళ్ళాను. మా ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి, ఇటు తిరక్కుండానే చెప్పింది. "ఆడపిల్లండీ. చెవులు మీవే."

మంచం పక్కన కూలబడి దాని చెయ్యి పట్టుకుని ఏడ్చాను. అదే నన్ను ఓదార్చింది. "ఊరుకోండి. చీటీ అలా వచ్చింది. దేవుడు ఇక్కడికే రమ్మన్నాడు, ఇక్కడే తీసుకున్నాడు. మన చేతిలో ఏముంది? మీ తప్పూ కాదు, నా తప్పూ కాదు." మా తప్పు కాదన్న ఆ మాట పట్టుకునే అది లేచింది, తిండి తింది, నెల తర్వాత డ్యూటీకి వెళ్ళింది. చెప్పాలని నోటి చివరి దాకా వచ్చింది. మింగేశాను. అప్పుడు చెప్పకపోవడం దయ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే పిరికితనం. రెండూ కాబోలు.

ఇంకో రెండేళ్ళుండి తిరిగి వచ్చేశాం. రాజమండ్రిలోనే ఇల్లు తీసుకున్నాం. దేవుడి పటం వెనక అప్పుడు తీసిన చీటీ పెట్టి, శుక్రవారం శుక్రవారం పూలు పెట్టేది. నేను ఆ గూటి వైపు చూడకుండా కాఫీ తాగడం అలవాటు చేసుకున్నాను.

వచ్చిన ఏడాదే కొవ్వూరులో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. పొద్దున్నే వ్రతం, భోజనాలు అయ్యాయి. మధ్యాహ్నం స్టేషన్‌కి నడిచి వస్తుంటే ఒక ఎరువుల కొట్లోంచి "సార్! సార్!" అని కేక. ఆ కెమిస్టు. నేను ఉద్యోగం తీయించినాయన. జుట్టు నెరిసింది గానీ అదే మెత్తని మొహం. కుర్చీలు వేయించాడు, సోడాలు తెప్పించాడు.

"ఆయ్, ఆ రోజు మీ మీద పీకల దాకా కోపం వచ్చిందండి. ఏడాది పాటు తిట్టుకున్నానండి" అన్నాడు నవ్వుతూ. "తర్వాత ఆలోచిస్తే భయం వేసిందండి. మీరు తూచబట్టి సరిపోయింది గానీ, అంతమంది ఉసురు నాకు తగిలేది కదండీ. ఇప్పుడు కొట్లో కాటా దగ్గర మావాళ్ళకి మీ మాటే చెప్తానండి. ఉన్నది రాయండ్రా, ఒకాయన ఉండేవాడు, చచ్చినా తప్పు అంకె రాయడు అని."

మా ఆవిడ మొహం విప్పారింది. ఆసుపత్రి నుంచి వచ్చాక దాని మొహం అలా విప్పారడం నేను చూడలేదు. "మా ఆయన సంగతి నాకు తెలీదాండీ? అబద్ధం రాయమంటే ఆయనకి చెయ్యి పడిపోతుంది" అంది.

సోడా సగంలోనే కింద పెట్టేశాను. ఆ తర్వాత ఆయన ఏం మాట్లాడాడో, మేం స్టేషన్‌కి ఎలా వచ్చామో గుర్తులేదు. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చున్నాం. ప్యాసింజరు రావడానికి ఇంకా అరగంట ఉంది. మా ఆవిడ ఇంకా ఆ మాటల సంతోషంలోనే ఉంది. ఇంక ఓర్చుకోలేకపోయాను.

"ఆ చీట్లు రెండింటి మీదా అబర్దీన్ అనే రాశాను" అన్నాను.

ముందు అర్థం కాలేదు. "ఏ చీట్లండీ?" అంది. తర్వాత అర్థమైంది. "రెండింటి మీదానా?"

"రెండింటి మీదా."

పట్టాల వైపు తిరిగింది. "నా చేత్తోనే వేశాను కదండీ గోదాట్లో, అక్క ఊరనుకుని" అంది.

"క్షమించు" అన్నాను.

"అడిగుండచ్చు కదా. అడిగితే రానన్నానా?"

"అనవని తెలుసు."

"మరి?"

ఇందాక మీకు చెప్పిందే చెప్పాను, నాకు బరువు వద్దనుకున్నానని. అది తల ఊపుతూ వింది. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఏదీ చెయ్యలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, నెమ్మదిగా మాట్లాడింది.

"ఇన్నాళ్ళూ దాన్ని దేవుడు తీసుకున్నాడనుకున్నానండీ. అలా అనుకుంటే కాస్త ఊపిరాడేది. ఇప్పుడు చెప్పేసి మీరు బరువు దింపుకున్నారు. నేనెక్కడ దింపుకోను?"

నిజం చెప్తే మంచిదంటారు కదా, ఎవరికి మంచిదో చూసుకుని చెప్పాలని నాకు ఆ బెంచీ మీద తెలిసింది. మొదటిసారి దాని దగ్గర ఊరు లాక్కున్నాను. రెండోసారి దాని దేవుణ్ణి లాక్కున్నాను. రెండుసార్లూ నా సుఖం కోసమే.

తనలో తను అనుకుంటున్నట్టుగా, "మా అమ్మ కూడా రెండు చీట్ల మీదా మీ పేరే రాసిందేమో" అంది. మా అత్తగారు పోయి అప్పటికి నాలుగేళ్ళు. అడగడానికి ఎవరూ లేరు. తణుకాయన జోకు ఆ రోజు నుంచి మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

ప్యాసింజరు వచ్చింది. కిటికీ దగ్గర సీటు దొరికితే తను కూర్చుంది, నేను పక్కన కూర్చున్నాను. బండి వంతెన మీదకి ఎక్కింది. చప్పుడు మారింది. పెట్టెలో వాళ్ళంతా జేబులు తడుముకుంటున్నారు, కొంగుముడులు విప్పుకుంటున్నారు. మా ఆవిడ కూడా అలవాటుగా కొంగు ముడి విప్పి రూపాయి తీసింది. కళ్ళు మూసుకుంది. పెదాలు కదల్లేదు. మళ్ళీ కళ్ళు తెరిచింది.

నా చెయ్యి లాగి, అరచేతిలో రూపాయి పెట్టి, వేళ్ళు మూసింది.

"మీరు వెయ్యండి. ఏం అడగాలో నాకు తెలీట్లేదు" అంది.

బండి గోదావరి దాటేసింది. నేను వెయ్యలేదు.